ఇంట్లో గిటార్ ఆడియో, వీడియో రికార్డ్ చేసుకోవడం ఎలా: మన వైజాగ్ గదుల్లో పనిచేసే పద్ధతి

గిటార్ కాస్త చేతికొచ్చాక అందరికీ పుట్టే కోరికే, ఒక వీడియో తీసి నలుగురికీ చూపించాలని. ఫోన్ ఎదురుగా పెట్టేసి వాయించేస్తాం, తర్వాత విని చూస్తే గిటార్ ఎక్కడో బావిలో మోగుతున్నట్టుంటుంది, పైన ఫ్యాన్ రొద, మధ్యలో పక్కింటి కుక్కర్ విజిల్. ఒళ్లో ఉన్నప్పుడు అంత తియ్యగా వినపడింది ఇదేనా అనిపిస్తుంది. నేనైతే చాన్నాళ్లు తప్పంతా మైక్‌దే అనుకున్నాను. ఒక షాపుకెళ్లి అడిగితే వాళ్లు గది ఎలాంటిది, ఎక్కడ కూర్చుని వాయిస్తావు అని ఒక్క ముక్క అడక్కుండా ఇంకా ఖరీదైన కండెన్సర్ మైక్ చేతిలో పెట్టారు, ఇంటికి తెచ్చి పెడితే గదిలో రొద మునుపటికంటే ఎక్కువ వచ్చింది, ఎందుకంటే ఆ రకం మైక్ చిన్న చిన్న శబ్దాల్ని కూడా వదలదు. అప్పుడు తెలిసొచ్చింది, రికార్డ్ బటన్ నొక్కే ముందే సౌండ్ ముప్పావు వంతు తేలిపోతుందని, కంప్యూటర్‌లో చేసేది మిగతా పావే అని. అందుకే ఇక్కడ కూడా సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలెట్టట్లేదు, గది దగ్గర మొదలెడుతున్నాను.

స్టెప్ 1: గదిని వినండి

మైక్, ల్యాప్‌టాప్ ఏమీ తీయకుండా ముందు గదిలో రెండు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. ఏమేం వినపడుతున్నాయో ఒక కాగితం మీద రాయండి. మాది మర్రిపాలెం, పట్టాలకి దగ్గర, గూడ్స్ బళ్ల హారన్ రాత్రి కూడా ఆగదు, పైగా ఐఎన్ఎస్ డేగా నుంచి లేచే నేవీ హెలికాప్టర్లు పగలు మీద నుంచే పోతాయి. బీచ్ రోడ్ పక్క ఫ్లాట్ అయితే గాలి, అలల హోరు. గాజువాక అయితే లారీలు. ఏ పేటకి ఆ పేట శబ్దం ఉంటుంది, దాన్ని ఆపలేం గానీ ఎప్పుడు తగ్గుతుందో మాత్రం కనిపెట్టొచ్చు. ఒక వారం రోజులు గమనిస్తే మీ ఇంటికి ఏ గంట మంచిదో తెలిసిపోతుంది, నాకైతే పొద్దున్న నాలుగున్నర నుంచి ఆరు లోపు బాగా కుదిరింది, ఆ తర్వాత పాలబళ్లు, గుడి మైకు మొదలైపోతాయి.

ఇంక ఇంట్లో శబ్దాలు. సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే, దీనికి వేరే దారి లేదు. ఫ్యాన్‌తో రొద ఒక్కటే కాదు సమస్య, తిరిగే రెక్కలకి తగిలి గిటార్ సౌండే మీదకి కిందకి ఊగినట్టు వస్తుంది, లాగి మోగనిచ్చిన స్వరం వణుకుతుంది, దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తీయలేదు. మే నెలలో మన ఉక్కపోతకి ఫ్యాన్ లేకుండా ఎలా అంటారా, ముందు అరగంట ఏసీ వేసి గది చల్లబడ్డాక ఆపేసి పది పదిహేను నిమిషాలు రికార్డ్ చేయండి, మళ్లీ వేసుకోండి. ఫ్రిజ్ పక్క గదిలో ఉన్నా దాని కంప్రెసర్ మోత గోడ దాటి వస్తుంది, దాన్ని కూడా ఆపండి, ఆపి మర్చిపోతే పాలు విరిగిపోతాయి కాబట్టి బండి తాళం ఆ ఫ్రిజ్‌లోనే పెట్టండి. బయటికెళ్లాలంటే తాళం కావాలి, తాళం కోసం ఫ్రిజ్ తీయాలి, అప్పుడు గుర్తొస్తుంది.

తర్వాత ప్రతిధ్వని. మన ఫ్లాట్లలో నేల టైల్స్, గోడలు సిమెంటు, అన్నీ నున్నగా ఉంటాయి, సౌండ్ ఎక్కడా ఇంకకుండా బంతిలా కొట్టుకుంటుంది. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టి చూడండి, వెనకాల ‘ట్రర్ర్’ అని సన్నగా మోగితే ఆ మోతే మీ గిటార్ వెనకాల కూడా వస్తుంది. దీనికి వేలు పోసి ఫోమ్ పలకలు అంటించక్కర్లేదు, పల్చటి ఫోమ్ పైస్థాయి శబ్దాన్నే పీలుస్తుంది, లావు శబ్దం (బేస్) అలాగే ఉండిపోతుంది. అమ్మమ్మలు పాత చీరలతో కుట్టిన బొంతలు, దూది పరుపు, ఇవి దానికంటే బాగా పనిచేస్తాయి. పరుపుని గోడకి నిలబెట్టండి, కింద ఒక బొంత పరవండి, బట్టల బీరువా తలుపులు తెరిచి ఉంచండి. ఏ గోడకి పెట్టాలన్నది ముఖ్యం: మైక్ మీ వైపు చూస్తుంది కదా, అంటే మీ వీపు వెనకాల ఉన్న గోడ దానికి ఎదురుగా ఉన్నట్టు, పరుపు అక్కడ ఉండాలి. గది మూలలో మాత్రం కూర్చోకండి, మూలలో లావు శబ్దం పోగుపడి గిటార్ బుంబుంమంటుంది.

స్టెప్ 2: గిటార్‌ని సిద్ధం చేయండి

మన ఊళ్లో గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువే. కొత్త స్ట్రింగ్స్ వేసి తుడవకుండా వదిలేస్తే కొన్ని వారాలకే నల్లబడతాయి, మెరుపు పోయిన స్ట్రింగ్ ఎంత మంచి మైక్ పెట్టినా మందంగానే వస్తుంది. రికార్డింగ్‌కి ఒకటి రెండు రోజుల ముందు స్ట్రింగ్స్ మార్చి చేత్తో మెల్లగా లాగి లాగి సాగనివ్వండి, అప్పుడే వేసినవి అప్పుడే అయితే పాట మధ్యలో శ్రుతి దిగిపోతుంది. ఎకౌస్టిక్ గిటార్ చెక్క తేమ పీల్చుకుంటే పై పలక కాస్త ఉబ్బుతుంది, స్ట్రింగ్స్ ఫ్రెట్లకి ఎత్తుగా అయిపోతాయి, వానాకాలంలో నొక్కడం కష్టంగా ఉందని మనలో చాలామంది అనేది ఇందుకే. గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ హాయి, మన ఊరు దాదాపు ఏడాది పొడుగునా దానికంటే పైనే ఉంటుంది కాబట్టి కేస్‌లో సిలికా జెల్ సంచులు వేసి ఉంచండి. రికార్డ్ చేసే గదిలోనే ఒక అరగంట ముందు గిటార్ బయటికి తీసి ఉంచితే ఆ గది వేడికి తేమకి అలవాటు పడుతుంది, ఆ తర్వాతే శ్రుతి చేయండి.

శ్రుతి చేసేటప్పుడు ఎప్పుడూ కింద నుంచి పైకి రండి. స్వరం దాటిపోతే కిందకి దించి మళ్లీ పైకి బిగించండి, అలా అయితేనే కీ దగ్గర వదులు ఉండదు. కేపో (స్వరం పెంచడానికి నెక్ మీద బిగించే క్లిప్పు) పెడితే పెట్టాక ఇంకోసారి చూసుకోవాలి, టేక్‌కి టేక్‌కి మధ్య కూడా చూసుకోవాలి. బద్ధకం అనిపిస్తుంది గానీ శ్రుతి తప్పిన టేక్‌ని సరిచేయడం కంటే మళ్లీ వాయించడమే తేలిక.

స్టెప్ 3: ఏం కావాలి

కనీసం కావాల్సినవి నాలుగు. ఒక కంప్యూటర్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైక్, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్. ఇంటర్‌ఫేస్ అంటే మైక్ నుంచో గిటార్ నుంచో వచ్చే సిగ్నల్‌ని యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కి అందించే చిన్న డబ్బా, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, బెహ్రింజర్ యూఎంసీ202హెచ్‌డీ లాంటివి మొదలెట్టేవాళ్లు ఎక్కువగా కొంటుంటారు. ఎలక్ట్రిక్ గిటార్ అయితే దాని మీద ‘ఇన్‌స్ట్’ అనో ‘హై జెడ్’ అనో స్విచ్ ఉంటుంది, అది వేయాలి. గిటార్ పికప్ (తీగల కింద ఉండే అయస్కాంతపు తీగచుట్ట) సిగ్నల్ చాలా బలహీనం, దానికి తగ్గ ఇన్‌పుట్ కాకుండా నేరుగా ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో పెడితే పైస్థాయి అంతా పోయి మొద్దుగా వస్తుంది.

ఇవేవీ లేవా? అయినా పర్లేదు. ఇంట్లో రెండు ఫోన్లుంటే ఒకటి కెమెరాకి, ఇంకోటి గిటార్‌కి జానెడున్నర దూరంలో స్టూల్ మీద మెత్తటి గుడ్డ మీద పెట్టి వేవ్ ఫైల్‌గా రికార్డ్ చేసే యాప్ వాడండి. స్టెప్ 1 సరిగ్గా చేసినవాళ్ల రెండు ఫోన్ల రికార్డింగ్, ఖాళీ గదిలో కండెన్సర్ మైక్ పెట్టినవాళ్ల రికార్డింగ్ కంటే బాగుండటం నేను చెవులారా విన్నాను.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు. ఆడియోకి ఆడాసిటీ ఫ్రీ, రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. వీడియో కలపడానికి డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ సరిపోతుంది, కంప్యూటర్ పాతదైతే షాట్‌కట్ తేలిగ్గా నడుస్తుంది. కంప్యూటర్‌కే వెబ్‌క్యామ్ పెట్టి ఒకేసారి రికార్డ్ చేయాలంటే ఓబీఎస్.

స్టెప్ 4: కరెంటు గురగుర

మైక్ పెట్టగానే, గిటార్ కేబుల్ పెట్టగానే సన్నగా ‘గూం’ అని ఆగకుండా ఒక మోత వస్తోందా? మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత 50 దగ్గరా, దాని రెట్టింపు 100 దగ్గరా ఉంటుంది. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద పెట్టి చూడండి, ఆగిపోతే దోషం చార్జర్ వైపుది, రికార్డ్ చేసినంతసేపూ బ్యాటరీ మీదే నడపండి. ఆగకపోతే ప్లగ్గు బోర్డు చూడండి, పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ దానికి ఎర్తింగ్ వైరు కలిపి ఉండదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించడం మంచిది. మోత పోతుంది కదా అని ఎర్త్ పిన్ విరగ్గొట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి, షాక్ నుంచి మనల్ని కాపాడేది అదే.

సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటార్ అయితే కూర్చున్న కుర్చీతో సహా మెల్లగా గుండ్రంగా తిరగండి. ఒక దిక్కుకి తిరిగినప్పుడు మోత బాగా తగ్గుతుంది, మానిటర్, అడాప్టర్లకి దూరంగా ఆ దిక్కుకే తిరిగి కూర్చుని వాయించండి.

స్టెప్ 5: కంప్యూటర్ సెట్టింగులు

ఇక్కడ పెద్దగా ఆలోచించడానికి ఏమీ లేదు, ఒకసారి సరిగ్గా పెట్టేసుకుంటే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. శాంపుల్ రేట్ (సెకనుకి ఎన్నిసార్లు సౌండ్‌ని కొలుస్తుందో) 48000, బిట్ డెప్త్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉంటుందో) 24. ఆడియో ఒక్కటే అయితే 44100 కూడా సరిపోతుంది గానీ వీడియోలన్నీ 48000 మీద నడుస్తాయి కాబట్టి ఇంటర్‌ఫేస్‌లో, ఆడియో సాఫ్ట్‌వేర్‌లో, వీడియో సాఫ్ట్‌వేర్‌లో మూడు చోట్లా అదే ఉండాలి. ఒక చోట ఒకటి ఇంకో చోట ఇంకోటి ఉండి ఏదన్నా తప్పుగా చదివేసిందంటే పాట మొత్తం దాదాపు ఒకటిన్నర స్వరస్థానం అటో ఇటో జరిగిపోతుంది, వేగం కూడా మారిపోతుంది.

విండోస్ అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ సైట్ నుంచి ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించి ఇంటర్‌ఫేస్‌ని కంప్యూటర్‌కి కలిపే సాఫ్ట్‌వేర్) వేసుకోండి, రీపర్‌లో అదే ఎంచుకోండి. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే సౌండ్ ముక్క) 128 పెడితే ఆలస్యం ఒక వైపుకి మూడు మిల్లీసెకన్ల లోపే, టకటక శబ్దాలు వస్తుంటే 256 కి పెంచండి. ఇంకా సులువు ఏంటంటే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఉంటే అది వేసి సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ ఆపేయండి, మీ గిటార్ మీకు ఆలస్యం లేకుండా వినపడుతుంది. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఎన్‌హాన్స్‌మెంట్స్, నాయిస్ సప్రెషన్ లాంటివి ఉంటే అన్నీ తీసేయండి, అవి మాటల కోసం చేసినవి, లాగి మోగుతున్న గిటార్ స్వరాన్ని రొద అనుకుని మధ్యలో మింగేస్తాయి.

ఒక్క విషయం మాత్రం ప్రతిసారీ చూసుకోండి. ఒకసారి తెల్లవారుజామున లేచి గంటన్నర కూర్చుని చాలా మంచి టేక్ ఒకటి పట్టాను, సంతోషంగా వింటే ఎక్కడో దూరం నుంచి వాయించినట్టుంది. రాత్రి విండోస్ అప్‌డేట్ అయ్యి ఇన్‌పుట్ ల్యాప్‌టాప్ సొంత మైక్‌కి మారిపోయింది, బల్ల మీద ఉన్న కండెన్సర్ ఊరికే నిలబడి ఉంది. ఆ రోజు నుంచి వాయించే ముందు మైక్ జాలీ మీద గోటితో మెల్లగా గీకుతాను, తర్వాత ల్యాప్‌టాప్ కీబోర్డ్ పక్కన గీకుతాను. మొదటిదానికి మీటర్ ఎగిరి రెండోదానికి ఎగరకపోతే సరే. అయిదు సెకన్ల పని, దయచేసి మానకండి.

స్టెప్ 6: మైక్ ఎక్కడ పెట్టాలి

మొత్తం పనిలో ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. అందరూ చేసే తప్పు, సౌండ్ అక్కడి నుంచే వస్తుంది కదా అని గిటార్ గుండ్రటి రంధ్రానికి ఎదురుగా మైక్ పెట్టడం. అక్కడి నుంచి గాలి తోసుకుని వస్తుంది, లావు శబ్దం ముంచేస్తుంది, సన్న తీగలు మునిగిపోతాయి.

మా ఇంట్లో ఎలా చేశామో చెప్తాను. నేను కుర్చీలో కూర్చుని ఒకే నాలుగు కార్డ్స్ మళ్లీ మళ్లీ వాయిస్తున్నాను, మా చెల్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైక్ స్టాండ్ పట్టుకుని వేలెడు వేలెడు జరుపుతోంది. రంధ్రం ఎదురుగా ఉన్నప్పుడు, ‘డప్పు కొడుతున్నావేంటి అన్నయ్యా’ అంది. బ్రిడ్జ్ వైపు జరిపితే పల్చగా గీరినట్టు ఉందంది. నెక్ వైపు బాగా జరిపితే వేళ్లు స్ట్రింగ్స్ మీద జారే ‘కీచ్’ ఎక్కువైంది. నెక్ బాడీకి అతుక్కునే చోటుకి దగ్గర్లో, పన్నెండో ఫ్రెట్ దగ్గరకి తెచ్చి, మైక్ మూతి కొంచెం రంధ్రం వైపుకి తిప్పగానే ఆగిపోయింది, ఏమీ మాట్లాడకుండా హెడ్‌ఫోన్స్ తీసి నాకిచ్చింది. విని చూస్తే తీగ తీగా విడిగా ఉంది, లావు తీగ కూడా నిండుగా ఉంది. దూరం కొలిస్తే జానెడు దాటి నాలుగు వేళ్లు, అంటే దాదాపు 30 సెంటీమీటర్లు. వెంటనే కుర్చీ నాలుగు కాళ్ల దగ్గరా, స్టాండ్ కాళ్ల దగ్గరా నేల మీద టేప్ అంటించేశాం. ఈ రోజుకీ ఆ టేప్ అక్కడే ఉంది.

మీ గిటార్‌కి మీ గదికి ఆ చోటు ఒక బెత్తెడు అటూ ఇటూ ఉండొచ్చు. అందుకే మొదలు పన్నెండో ఫ్రెట్ దగ్గర పెట్టి ఎవరినన్నా సాయం పిలిచి జరిపించండి, మనిషి దొరక్కపోతే ఒక్కో చోట పది సెకన్లు వాయించి ‘ఇది రంధ్రం’, ‘ఇది పన్నెండు’ అని నోటితో చెప్తూ రికార్డ్ చేసి తర్వాత వినండి. దగ్గరికి తెస్తే లావుదనం పెరుగుతుంది, దూరం పెడితే గది మోత పెరుగుతుంది, ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది మీ చోటు. కార్డియాయిడ్ మైక్‌కి వీపు వైపు వినపడదు కాబట్టి ఎక్కువ చప్పుడొచ్చే కిటికీ మైక్ వీపు వైపు ఉండేలా చూసుకోండి. కండెన్సర్ అయితే ముందు కేబుల్ పెట్టి ఆ తర్వాతే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ నుంచి కేబుల్ ద్వారా మైక్‌కి వెళ్లే కరెంటు) వేయండి, తీసేటప్పుడు ముందు పవర్ ఆపండి.

ఇప్పుడు గెయిన్, అంటే ఇంటర్‌ఫేస్ మీద వచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్. పాటలో మీరు అన్నింటికంటే గట్టిగా స్ట్రమ్ చేసే చోటు వాయిస్తూ మెల్లగా గెయిన్ పెంచండి, మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర తచ్చాడితే చాలు. నిజంగా రికార్డ్ చేసేటప్పుడు ఉత్సాహంలో చెయ్యి ఇంకా గట్టిగా పడుతుంది, ఆ ఖాళీ దానికోసం. 24 బిట్‌లో తక్కువగా రికార్డ్ అయినదాన్ని తర్వాత హాయిగా పెంచుకోవచ్చు, ఎర్ర లైటు వెలిగి చిరిగిపోయినదాన్ని మాత్రం వెనక్కి తేలేం.

ఎలక్ట్రిక్ గిటార్ వాళ్లకి మైక్ గొడవ లేదు, నేరుగా ఇంటర్‌ఫేస్‌లో పెట్టి ఏ ఎఫెక్టూ లేని సౌండ్ రికార్డ్ చేసి ఆ తర్వాత న్యూరల్ యాంప్ మోడలర్ లాంటి, యాంప్ సౌండ్‌ని నకలు చేసే ఉచిత ప్లగిన్ వేసుకోవచ్చు. యాంప్ ఒక్కటే వేసి క్యాబినెట్ వేయకపోతే కందిరీగల్లా గీపెడుతుంది, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) సౌండ్‌ని నకలు చేసే ఐఆర్ ఫైల్ కూడా వేయండి.

స్టెప్ 7: కెమెరా

కిటికీకి ఎదురుగా, లేదా కాస్త పక్కగా కూర్చోండి, కిటికీ మీ వెనకాల ఉంటే మొహం నల్లగా పోతుంది. తూర్పు కిటికీ ఉంటే పొద్దున్న ఆరున్నర వెలుగు ఎంత బాగుంటుందో, ఏ లైటూ అక్కర్లేదు. అయితే నాలాగ చీకటితో లేచి రికార్డ్ చేసేవాళ్లకి ట్యూబ్‌లైటే గతి, దాంతో ఒక చిక్కుంది: వీడియోలో నల్లటి పట్టీలు మెల్లగా పైకి పాకుతుంటాయి. కారణం మళ్లీ ఆ 50 హెర్ట్జ్ కరెంటే, దానివల్ల లైటు సెకనుకి 100 సార్లు ఎక్కువా తక్కువా అవుతుంటుంది, మన కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. కెమెరా యాప్‌లో ప్రో మోడ్ తీసి షటర్ (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగు తీసుకునే సమయం, సెకన్లలో) 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, అప్పుడు ఒక్కో ఫ్రేమ్‌లో లైటు పూర్తి ఆవృత్తి పడుతుంది, పట్టీలు పోతాయి. 1/60 లో ఉంచితే మాత్రం పోవు. ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు తీస్తుందో) 25 దొరికితే 25, లేకపోతే 30.

ఫోకస్, వెలుగు రెండూ లాక్ చేయండి, లేకపోతే మీరు ఊగినప్పుడల్లా చిత్రం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఫోన్ అడ్డంగా పెట్టాలి, రెండు చేతులూ గిటార్ తల దాకా ఫ్రేమ్‌లో ఉండాలి, గిటార్ వాళ్లు చూసేది మీ వేళ్లనే. లెన్స్ ఒకసారి తుడవండి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఖాళీ జాగా చూసుకోండి, 1080 వీడియోకి ఫోన్ సెట్టింగుని బట్టి నిమిషానికి 60 నుంచి 130 ఎంబీ దాకా పోవచ్చు.

ఓబీఎస్‌లో చేసేవాళ్లు ఫైల్ రకం ఎంకేవీ పెట్టుకోండి. మనకి గాలివానకి కరెంటు పోవడం మామూలే, మామూలు ఎంపీ4 అయితే మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే మొత్తం ఫైలే తెరుచుకోదు, ఎంకేవీ అయితే అప్పటిదాకా తీసింది దక్కుతుంది. అయిపోయాక ఫైల్ మెనూలో రీమక్స్ అని ఉంటుంది, అందులో ఎంపీ4 కి మార్చుకోవచ్చు.

స్టెప్ 8: టేక్

వరస ఇది. ముందు కంప్యూటర్‌లో ఆడియో రికార్డ్, తర్వాత ఫోన్‌లో వీడియో రికార్డ్, కెమెరాకి చేతులు కనపడేలా ఒక్క గట్టి చప్పట్లు, అయిదు సెకన్లు పూర్తి నిశ్శబ్దం, అప్పుడు వాయించడం. పాట అయ్యాక చివరి స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా కదలకండి, కుర్చీ కిర్రుమన్నా వస్తుంది. ఆ తర్వాత ఇంకో చప్పట్లు. తప్పు పోతే ఆపేయకండి, ఆ లైను మొదటి నుంచి మళ్లీ వాయిస్తూ కొనసాగండి. మూడు మంచి టేకులు చాలు, పదోదానికి వచ్చేసరికి వేళ్లే కాదు మనసు కూడా అలిసిపోయి పాటలో ప్రాణం తగ్గుతుంది, అది వినేవాళ్లకి తెలిసిపోతుంది.

స్టెప్ 9: ఆడియో, వీడియో కలపడం

ఫోన్ వీడియోలో ఫోన్ మైక్ పట్టిన సౌండ్ కూడా ఉంటుంది, అది బాగోకపోయినా తీసేయకండి, జత కలపడానికి అదే ఆధారం. ఎడిటర్‌లో రెండు ఆడియోలూ ఒకదాని కింద ఒకటి పెట్టి బాగా పెద్దవి చేసి చూస్తే చప్పట్లు దగ్గర రెంటిలోనూ సూదిలా ఒక గీత లేచి ఉంటుంది, ఆ రెండు సూదులూ ఒకే నిలువు గీత మీదకి తెచ్చేయండి, తర్వాత ఫోన్ ఆడియో మ్యూట్ చేయండి. డావిన్చీ రిజాల్వ్‌లో అయితే వేవ్‌ఫార్మ్ చూసి అదే జత చేసే ఆప్షన్ కూడా ఉంది. ఫోన్ రెండు మీటర్ల దూరంలో ఉంటే సౌండ్ దాన్ని చేరేసరికి ఆరు మిల్లీసెకన్లు పడుతుంది, 25 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేమే 40 మిల్లీసెకన్లు, కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు.

ఇప్పుడు చివరి చప్పట్లకి వెళ్లి చూడండి. మొదట్లో కలిసింది చివర్లో జరిగిపోయి ఉందా? చాలాసార్లు దీనికి కారణం ఫోన్ ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉంచకపోవడం, వెలుగు తగ్గినా ఫోన్ వేడెక్కినా ఒకసారి 30, ఒకసారి 27 అలా తీసేస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని వీడియో మార్చి ఆ ఫైల్‌తో మళ్లీ కలపండి. వెబ్‌క్యామ్‌తో ఓబీఎస్ వాడేవాళ్లకి సాధారణంగా చిత్రమే సౌండ్ కంటే వెనకబడుతుంది, అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో సింక్ ఆఫ్‌సెట్ ఉంటుంది, చప్పట్లు చూసుకుంటూ 50, 100 మిల్లీసెకన్లు అలా పెంచి చూడండి, ఒకసారి కుదిరాక ఆ అంకె రాసిపెట్టుకోండి.

స్టెప్ 10: మిక్స్

ముందు చెప్పినవన్నీ చేసి ఉంటే ఇక్కడ పని కొంచెమే. గిటార్ అన్నింటికంటే లావు తీగ దాదాపు 82 హెర్ట్జ్, అంతకంటే కింద ఉన్నదంతా లారీల మోత, నేల అదురు మాత్రమే, అందుకని 75 దగ్గర హైపాస్ (దాని కింది శబ్దాన్ని కోసేసే ఫిల్టర్) పెట్టేయండి. డబ్బాలో మోగినట్టుంటే 200 నుంచి 300 మధ్యలో రెండు మూడు డీబీలు తగ్గించండి. రివర్బ్ (గది మోతలాంటి ఎఫెక్ట్) కొంచెం, వేశామని తెలియనంత. నాయిస్ రిడక్షన్ ఎక్కువ వాడితే గిటార్ నీళ్లలోంచి వినపడినట్టు అయిపోతుంది, నా మాట వింటే సన్నటి రొదనే అలా ఉండనివ్వండి, వాయిస్తున్నప్పుడు అది ఎవరికీ వినపడదు.

హెడ్‌ఫోన్స్‌లో అయిపోయాక ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, మామూలు ఇయర్‌ఫోన్స్‌లో ఒకసారి వినండి, చూసేవాళ్లలో ఎక్కువమంది వినేది అక్కడే. యూట్యూబ్‌లో పెట్టాలంటే సౌండ్ మైనస్ 14 లఫ్స్ (మొత్తం మీద సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చి పీక్ మైనస్ 1 దాటకుండా చూడండి, ఇంకా గట్టిగా పెడితే వాళ్లే తగ్గించేస్తారు, తక్కువగా పెడితే మాత్రం పెంచరు. ఎక్స్‌పోర్ట్ 1080, హెచ్264, ఆడియో ఏఏసీ 320, 48000. అసలు వేవ్ ఫైల్స్, ప్రాజెక్ట్ ఫోల్డర్ వేరే డ్రైవ్‌లో ఒక కాపీ వేయండి, పేరులో తేదీ, కేపో ఏ ఫ్రెట్‌లో పెట్టారో, మైక్ దూరం ఎంతో రాసి పెడితే ఆరు నెలల తర్వాత అదే సౌండ్ మళ్లీ కావాలంటే వెతుక్కోనక్కర్లేదు.

ఇంక ఫాంటమ్ పవర్ ఆపి, మైక్‌ని గుడ్డ సంచిలో పెట్టి, పొడి నూలు గుడ్డతో స్ట్రింగ్స్‌ని పైన మాత్రమే కాకుండా కింద వైపు కూడా ఒక్కోటీ పట్టుకుని తుడిచి, సిలికా జెల్ ఉన్న కేస్‌లో గిటార్ పెట్టేయండి. ఫ్యాన్ వేసుకోండి, ఫ్రిజ్ ఆన్ చేసి తాళం తీసుకోండి.